పార్వతి తాగిన నీళ్లు

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో, నన్ను ప్రసూతి వార్డు నుంచి గర్భిణుల ఓపీకి సిస్టర్ ఇన్‌చార్జిగా మార్చారు. ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీల పక్కనున్న చిన్న ఆసుపత్రి అది. బరువు, బీపీ చూడడం, రక్తపరీక్షకు పంపడం, ఐరన్ మాత్రలివ్వడం, చివర్లో ఏం తినాలో చెప్పడం మా పని. ఒక్కొక్కరికి దక్కేది నాలుగైదు నిమిషాలు. రోజంతా హిందీయే. నాది బాపట్ల దగ్గర ఊరు. తెలుగు గొంతు వినబడితే మాత్రం ఇంకో రెండు నిమిషాలు కూర్చోబెట్టేదాన్ని.

పార్వతి అలాగే దగ్గరైంది. శ్రీకాకుళం పిల్ల, తొలి కాన్పు. భర్త అప్పారావు వెల్డరు. ఐదో నెలలో వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నరే. పప్పూ పాలకూరా మానొద్దని, పండ్లు తినమని, తినలేకపోతే రసం తాగమని, మాత్ర టీతో వేసుకోవద్దని చెప్పాను. బుద్ధిగా తలూపింది. మరుసటి నెలకు పదికి చేరింది. డాక్టరమ్మ మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే అనిపించింది.

జూలై చివర్లో, ఏడో నెల నిండాక, రావలసిన రోజుకు రాలేదు. ఐదు రోజుల తర్వాత అప్పారావు ఆటోలో తీసుకొచ్చాడు. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపలంతా పసుపు. వాంతులు మొదలై వారమైందట. పక్కింటి ఆంటీ చెప్పిందని ఏదో ఆకు పసరు పోయిస్తున్నాడు. "కామెర్లకి ఇంగ్లీషు మందు లేదన్నారండి" అన్నాడు.

రక్తపరీక్షలో హెపటైటిస్-ఇ అని తేలింది. మురుగు కలిసిన నీటితో వచ్చే కామెర్లు. మామూలు మనిషికి చాలావరకు విశ్రాంతితో తగ్గిపోతాయి. నెలలు నిండుతున్న గర్భిణికి కాలేయమే చెడిపోవచ్చు. పార్వతి రక్తం అప్పటికే సరిగా గడ్డకట్టడం లేదు. ఐసీయూలో చేర్చాం.

కేసు షీటు రాస్తూ, ఈ మధ్య ఏం తిన్నావని అడిగాను.

"మీరు చెప్పినట్టే చేసినానండి సిస్టరుగారూ. ఒక్కరోజు మానలేదు. సాయంత్రం ఈయన మా కాలనీ గేటు కాడ బండి మీద మోసంబి రసం ఐసేయించి తెచ్చేవోరు."

కలం ఆగిపోయింది. ఆమె నా ముఖం చూసి, "రసం తాగడం తప్పాండి?" అంది.

"తప్పు నీది కాదమ్మా. ఎక్కడ తాగుతావో, ఏ నీళ్లో నేను అడగలేదు" అన్నాను. విన్నదో లేదో. అప్పటికే కళ్లు మూతలు పడుతున్నాయి.

మూడో రోజు నొప్పులు వాటంతటవే వచ్చాయి. మగబిడ్డ. ఊపిరి లేదు. కాన్పయ్యాక రక్తం ఆగలేదు. అప్పారావుతో పనిచేసే వెల్డర్లు షిఫ్టు దిగి అవే బట్టలతో వచ్చి రక్తమిచ్చారు. పదకొండు రోజులకు ఆమె పూర్తిగా తెలివిలోకి వచ్చింది. బిడ్డ సంగతి అప్పారావు చెప్పలేకపోయాడు, నేనే చెప్పాను. "ఒక్కపాలి నాకు చూపించలేదేటండి" అంది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక వాళ్ల కాలనీకి వెళ్లాను. కుళాయి పైపు మురుగుకాలువ లోంచే పోతోంది. పగిలినచోట గుడ్డ చుట్టారు. రసం బండివాడు గ్లాసులు కడిగేదీ, ఇళ్లలో తాగేదీ ఆ నీళ్లే. జబ్బు రసంతో వచ్చిందా, ఇంట్లో బిందెలోంచి వచ్చిందా అన్నది ఎవరూ తేల్చలేరు. రెండిళ్ల అవతల మరో గర్భిణి నీళ్లు పట్టుకుంటోంది. మరిగించి చల్లార్చుకుని తాగమని ఆమెకు నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది. గ్యాస్ అయిపోతుందని ఆమె భయం.

మర్నాడు డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను తప్పుపట్టలేదు, ఓదార్చనూ లేదు. "అచ్ఛా, ఇకనుంచి ముందు నీళ్ల సంగతి అడుగుదాం" అన్నారంతే. ఏ నీళ్లు, మరిగిస్తారా, బయట ఏం తాగుతారు, కోసిపెట్టిన పండ్లు కొంటారా అని అడగడం ఆ వారం నుంచే మొదలైంది. వరసలో నిలబడ్డవాళ్లు ఆలస్యమవుతోందని విసుక్కునేవారు. అయినా మానలేదు.

ఏం తినాలో చెప్పేముందు, అది ఆ మనిషి చేతికి ఏ దారిన వస్తుందో కనుక్కోవాలి. ఈ సంగతి నర్సింగ్ చదివేటప్పుడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పనిలో పెట్టింది మాత్రం పార్వతి బిడ్డ పోయిన తర్వాతే.