సాగర్ ఒడ్డున ఎడ్ల ఫోటో, నా ఫోటో

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే దాన్నీ తెచ్చుకోండి, చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూడా వినొచ్చు. నాకు బడి చదువు లేదు. కూడబలుక్కుని రాయడం, చదవడం వచ్చు, అంతే. కానీ చూసింది మరిచిపోయే అలవాటు మాత్రం లేదు. కోపం వచ్చిన రోజులైతే అసలే మరిచిపోను. ఈ రోజు చెప్పేది అలాంటి రోజు గురించే.

మా అత్తగారి ఊరు బాన్సువాడకు దగ్గర, పెద్ద కాలువ కింద. నిజాంసాగర్ కట్టాక మా పొలాలకు నీళ్ళు పారాయి, వరి, చెరుకు పండాయి, ఇంటికి పెంకులు పడ్డాయి. అత్తామామలు నేను కాపురానికి రాకముందే పోయారు. ఇంటికి పెద్ద మా బావగారు, అంటే నా భర్తకు అన్న. ఊళ్ళో అందరూ ఆయనను పటేలా అనే పిలిచేవారు. ఆయన దగ్గితే పశువుల కొట్టంలో జీతగాడు కూడా లేచి నిలబడేవాడు.

నా పుట్టిల్లు జుక్కల్ వైపు. అక్కడ మా అమ్మ మంచం పట్టి ఉంది. నన్ను చూడాలని కబురు మీద కబురు పంపేది. అటునుంచి అంగడికి వచ్చినవాళ్ళు మా గుమ్మం ముందు ఆగి, "మీ అమ్మ నీ ముఖం ఒక్కపారి చూడాల్నంటున్నది బిడ్డా" అని చెప్పిపోయేవారు. నేను వెళ్ళడానికి లేదు. ఎందుకో వింటే మీకూ మండుతుంది. మా తమ్ముడి పెళ్ళికి బావగారు వెళ్ళినప్పుడు, ఆయన బండి దిగగానే కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు ఎవరూ ఎదురు తేలేదట. పెళ్ళింట్లో సందడి, ఎవరో చూసుకోలేదు. అంతే. ఆ చెంబెడు నీళ్ళ కోసం ఆయన నన్ను పుట్టింటి గడప తొక్కనివ్వలేదు. నా భర్త మంచివాడే, కానీ అన్న ముందు ఆయన నోరు లేవదు.

నేనే అడగొచ్చు కదా అంటారేమో. మా ఇళ్ళలో అప్పుడు కోడలు బావగారి ఎదుట ముఖం చూపకూడదు. ఆయన వాకిట్లో అడుగుపెడితే కొంగు గదవ దాకా, అంటే గడ్డం కిందికి రావాలి. మాట్లాడటం సంగతి సరేసరి. ఏదైనా చెప్పాలంటే పక్కన ఉన్నవాళ్ళతో, "అన్నం అయ్యిందని చెప్పు" అనాలి. ఆయన అక్కడే కూర్చుని వింటూ ఉంటాడు, అయినా నడుమ ఇంకో మనిషి కావాలి. ఎవరూ లేనప్పుడు నేను దర్వాజా స్తంభానికి చెప్పేదాన్ని. స్తంభం బావగారికి చెప్పినట్టు లెక్క. నవ్వుతున్నారా, నవ్వండి. నా కాపురం సగం ఆ స్తంభంతోనే మాట్లాడాను.

అప్పుడు లడాయి రోజులు, దేశాల మధ్య పెద్ద యుద్ధం నడుస్తోంది. ఆ ఏడు వరికోతలు అయ్యాక బావగారికి సాగర్ చూడాలనే కోరిక పుట్టింది. చూడటం కంటే అక్కడ ఫోటో దిగాలని. బాన్సువాడలో పెద్ద ఇళ్ళ ముందరి అరుగు మీద గోడకు నీళ్ళు, కట్ట, ముందు కుర్చీలో యజమాని, ఇలా ఫోటోలు వేలాడుతుండేవి. మన గోడకు ఎందుకుండకూడదని ఆయన పట్టుదల. నిజామాబాద్ నుంచి ఒక ఫోటో సాహెబ్ వచ్చి సాగర్ తోటలో మకాం పెట్టాడని తెలిసింది.

ఆ మాట విని నా భర్త నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "నిన్ను పంపిస్తలేడు. నీ ముఖమన్న పంపిద్దాం. నీ ఒక్కదానిది ఒక ఫోటో తీపిచ్చి నేను పోయి మీ అమ్మకు సూపిస్త."

ఆయన నాతో అన్న మంచి మాటల్లో అది ఒకటి. ఆ రోజంతా నేను పని చేస్తూ చేస్తూ అద్దం ముందు ఆగాను.

రెండు బండ్లు కట్టారు. ఒకటి మాది. ఇంకొకటి మా పక్క పొలం వాళ్ళది. వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుంటున్న రైతులు. ఆ ఇల్లాలిని నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లాయ్ అనేది. ఆవిడకు బావగారంటే భయం లేదు, కొంగూ లేదు. సముద్రం దగ్గర పుట్టిందట, మా కాలువను చూసి, "ఇదేం నీళ్ళు చెల్లాయ్, ఎడ్లు తాగితే అయిపోయేలా ఉన్నాయి" అనేది. సాగర్ కట్ట ఎక్కగానే మాత్రం నోరు మూసుకుంది.

చెప్పకుండా ఉండలేను, ఆ ఒడ్డు అంత అందంగా ఉంది. కట్ట మీద నిలబడితే అవతలి గట్టు కనిపించదు. గాలికి నీళ్ళు లేచి రాళ్ళకు కొట్టుకుంటూ, తుంపర మన ముఖం దాకా వస్తుంది. ఒకవైపు సర్కారు పెంచిన తోట, బంగళా. ఇంకోవైపు నీళ్ళను ఆనుకుని కాపలా ఉన్న అడవి. అందులో కట్టె కొట్టకూడదు, మేక తోలకూడదు, చూసి పోవచ్చు. దుప్పుల మంద ఒకటి మోదుగ చెట్ల నడుమ నుంచి దిగి నీళ్ళు తాగి, మమ్మల్ని చూసి తలలెత్తి, మళ్ళీ తాగింది. నీటికాకులు మునిగిన చెట్ల మోడుల మీద రెక్కలు ఆరేసుకుని కూర్చున్నాయి. అక్క చాలాసేపటికి, "మా సముద్రం ఇంత పచ్చగా ఉండదు" అంది. ఆవిడ ఒప్పుకున్నట్టే అది.

నేను అదంతా చూసింది కొంగు అంచు కింది నుంచి. బావగారు ముందు నడుస్తున్నాడు కదా. మీరు ఎప్పుడైనా ఆకాశం అంత నీటిని మూరెడు బట్ట కింది సందులోంచి చూశారా? నా పాదాలు కనిపించాయి, రాళ్ళు కనిపించాయి, రాళ్ళ దగ్గర నీళ్ళు కనిపించాయి. మిగతాది ఆయన అటు తిరిగినప్పుడల్లా దొంగలా చూసుకున్నాను. దుప్పులకు ఉన్న హక్కు నాకు లేదు.

తోటలో ఫోటో సాహెబ్ మూడు కాళ్ళ డబ్బా నిలబెట్టుకుని ఉన్నాడు. మా బావగారిని చూసి సలాం చేశాడు. ముందే చెప్పాడు, "పటేల్ సాబ్, లడాయి చేయబట్టి ఫోటో పడే గాజు ప్లేట్లు దొర్కుతలేవు. ఉన్నన్నే ఉన్నయ్. ఎవరెవరివి కావాల్నో సోంచాయించుకోన్రి."

బావగారు ఆలోచించుకున్నాడు. మొదటిది కుర్చీలో ఆయన ఒక్కడే, చేతికర్రతో. తర్వాత తన భార్యతో, పిల్లలతో, మాతో కలిపి ఒకటి. అందులో నేను కొంగు కిందే ఉన్నాను, అది అనుకున్నదే. నా వంతు వస్తుందని చెట్టు పక్కన ముఖం తుడుచుకుంటున్నాను. బావగారు జీతగాణ్ణి కేకేసి, ఎడ్లను తోలుకు రమ్మన్నాడు.

నా భర్త నోరు తెరిచాడు. "అన్నా, ఎడ్లెందుకు?"

"అంగడిల గసుంటి జోడి ఎవనికున్నది? కొమ్ములు మంచిగ పడాలె."

ఎడ్లకు కొమ్ములు తుడిచారు, మెడలో గంటలు సర్దారు. ఒకటి తల తిప్పితే ఫోటో సాహెబ్ ఓపికగా ఆగాడు. అది మళ్ళీ ఇటు చూసేదాకా ఆగాడు. ఎడ్ల ఫోటో అయ్యింది. సాహెబ్ పెట్టెలోకి చూసి, "ఒక్కటే మిగిలింది" అన్నాడు.

అప్పుడు నా భర్త ధైర్యం చేశాడు. "అది దీనికి తియ్యి సాబ్. వాళ్ళమ్మకు పంపాలె."

బావగారు వద్దనలేదు. ఆ పుణ్యం కట్టుకున్నాడు. నేను వెళ్ళి నీళ్ళకు వీపు పెట్టి నిలబడ్డాను. ఆయన మాత్రం డబ్బా పక్కనే నిలబడ్డాడు, కదలడు. నేను కొంగు ఎలా తీయను?

ఫోటో సాహెబ్‌కు అర్థమైంది. "పటేల్ సాబ్, మీరు జరంత గా చింతచెట్టు కాడికి పోతే, అమ్మ కొంగు తీస్తది."

"నేనెందుకు పోవాలె? బండి కట్టిచ్చింది నేను. ఫోటో ఎట్ల తీస్తున్నవో చూడొద్దా?"

అక్క ఊరుకోలేదు. "అన్నయ్యగారూ, ఒక్క నిమిషం అటు తిరగండి. మీ ఎడ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి పోనీ."

అందరి ముందు ఆడమనిషి అన్నదని ఆయనకు గుచ్చుకుంది. విసుక్కుంటూ వీపు తిప్పి, ఎడ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను కొంగు తీశాను. పూర్తిగా తీశాను. గాలి నా ముఖానికి తగిలింది. నా వెనక నీళ్ళు, నా ముందు అమ్మ ఉన్నట్టే అనుకున్నాను. సాహెబ్ నల్లబట్టలోంచి తల తీసి, "కదలద్దు అమ్మా" అని డబ్బా మూత మీద చేయి వేశాడు.

అప్పుడు బావగారు గిర్రున తిరిగాడు. "ఏయ్ సాబ్, వెనక తూములు రావాలె, తూములు మరిచేవు."

మూత తీసే సాహెబ్ చేయి, కొంగు లాగే నా చేయి ఒక్కసారే కదిలాయి. నేను లాగలేదండీ. నా చేయి లాగింది. అన్నేళ్ళుగా ఆ గొంతు వినగానే లేచే చేయి అది, దానికి ఫోటో సంగతి ఏం తెలుసు?

సాహెబ్ మూత పెట్టేశాడు. "అయిపోయింది అమ్మా" అన్నాడు, ఆయన ముఖం చిన్నబోయింది. తప్పు ఆయనది కాదు. ఇంటికి తిరిగొచ్చే బండిలో నేను తెచ్చుకున్న జొన్నరొట్టె కూడా ముట్టలేదు.

కొన్నాళ్ళకు ఫోటోలు వచ్చాయి. బావగారు బాగా వచ్చాడు. ఎడ్లు ఇంకా బాగా వచ్చాయి, వాటి కంటి కొసల్లో మెరుపు కూడా పడింది. నాది చూస్తే వెనక సాగర్ అంతా ఉంది, తూములన్నీ ఉన్నాయి, నడుమ గదవ దాకా కొంగు లాక్కున్న ఒక చీర నిలబడి ఉంది. ఎడ్లకు ముఖం వచ్చింది, నాకు రాలేదు.

చూడటానికి వచ్చినవాళ్ళంతా, "నీళ్ళు ఎంత మంచిగ పడ్డయ్ పటేలా" అన్నారు. ఒక్కరూ, ఈ పిల్ల ముఖమేదీ అనలేదు. బావగారు ఆ ఫోటోను దూరం పట్టుకుని చూసి, "పద్ధతిగ ఉన్నది. గిట్లనే ఉండాలె" అన్నాడు. అక్క మాత్రం ఎడ్ల ఫోటో చూసి, ఆయనకు వినిపించేలా అంది, "వీటికి బావగార్లు లేరు కాబోలు, చక్కగా వచ్చాయి."

నా భర్త నా ఫోటోనే బట్టలో చుట్టుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఇంకేం చేస్తాడు, ఉన్నది అదే.

ఆయన తిరిగొచ్చిన పూట నేను దర్వాజా వెనక ఉన్నాను. వాకిట్లో మంచం మీద బావగారు ఆకు వక్క నములుతున్నాడు. నా భర్త కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు, చెప్పడానికి తడబడ్డాడు. బావగారే అడిగాడు, "ఏమన్నదిరా ముసల్ది?"

"ఫోటో చేతికిచ్చిన. నా బిడ్డ ఏదీ అన్నది. గిదే అని చూపించిన. వేలుతోని కొంగు మీద రుద్దింది అన్నా, బట్టను పక్కకు జరిపినట్టు. జరుగుతదా? నా దిక్కు చూసి అన్నది. కొంగు తియ్యమను కొడుకా. ఈడ నేనే ఉన్న గద, వాళ్ళ బావ లేడు, అని."

బావగారు నవ్వాడు. "ఫోటో అంటే ఏందో తెల్వది ముసల్దానికి."

ఆ నవ్వు వినకపోతే నేను ఇంకొన్నేళ్ళు స్తంభంతోనే మాట్లాడేదాన్నేమో. దర్వాజా దాటి వాకిట్లోకి వచ్చాను. కొంగు తల మీదనే ఉంచుకున్నాను, ముఖం మీదికి మాత్రం లాక్కోలేదు. ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"మా అమ్మకు ఫోటో అంటే తెల్వది. బిడ్డ అంటే తెలుసు. రేపు పొద్దుగాల నేను పోత. బండి కట్టిచ్చున్రి."

నేను ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆయన నమలడం ఆపేశాడు. విచిత్రం చూడండి, ముఖం పక్కకు తిప్పుకున్నది నేను కాదు, ఆయన. గోడ వైపు చూస్తూ తమ్ముడితో అన్నాడు, "ఆళ్ళు నా కాళ్ళకు నీళ్ళియ్యలేదని చెప్పురా."

"నీళ్ళే గద" అన్నాను. "సాగర్ నిండ చూసొస్తిరి. ఇంక తీరలేదా?"

మా అక్కగారు, అంటే బావగారి భార్య, వంటింట్లో పేగులు తెగేలా దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

ఆయన ఎడ్లను ఇవ్వలేదు. ఫోటోకు నిలబడిన ఆ జోడి మా అమ్మ ఊరికి అడుగేయలేదు. కృష్ణా జిల్లా అక్క వాళ్ళ బండి పంపింది, నా భర్తే తోలాడు. తోలుతూ, "నేను అడగాల్సిన మాట నువ్వడిగినవ్" అన్నాడు. అవును, ఆయనే అడగాల్సింది. 

అమ్మ చూపు అప్పటికి మసకబారింది. నేను మంచం దగ్గర కూర్చుంటే ముందు చేత్తో నా నెత్తి తడిమింది, కొంగు దొరికితే వెనక్కి జరిపింది, తర్వాత నుదురు, ముక్కు, గదవ. "వచ్చినవా" అంది. ఉగాది దాకా ఉన్నాను. ఆ లోపే అమ్మ పోయింది, నా చేతుల్లోనే పోయింది. అత్తగారి ఊరి నుంచి పిలవడానికి ఎవరూ రాలేదు, నేనూ ఎదురు చూడలేదు. నా అంతట నేనే తిరిగి వెళ్ళాను.

దక్కింది కదా, ఇంకా కోపమెందుకు అని మా కోడళ్ళు అంటారు. దక్కింది ఆ కొన్ని నెలలు. అంతకు ముందు పోయిన ఏళ్ళు ఎవరిస్తారు? అమ్మ చూపు బాగున్నప్పుడు నన్ను చూడాల్సిన కళ్ళు అవి. ఒక పెద్దమనిషి కాళ్ళు ఒక పూట తడవలేదని ఆ కళ్ళను ఎండబెట్టారు. ఆయన్ని ఊరంతా ధర్మాత్ముడన్నది, చనిపోయినప్పుడు పెద్ద ఊరేగింపు తీసింది. నేను ఏడ్వలేదు. ఇప్పుడూ ఆ మాట దాచను.

మీరు ఇంతసేపు ఓపికగా విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గాదె నిండాలి, మీ పాడి పొంగాలి. మీ ఇంట అడుగుపెట్టిన కోడలు తలెత్తి నవ్వాలి, మీరు సాగనంపిన బిడ్డ తలచుకున్న పూటే తల్లి దగ్గర వాలాలి. ఆమెకు బండి కట్టే మగవాడు మీ ఇంట ఎప్పుడూ ఉండాలి.