అయస్కాంతం లేని మరక

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్మానని చెప్పను. మా ఇంట్లో జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

మాది రేపల్లె. చిన్నప్పుడు అన్నయ్యా నేనూ పాత డబ్బా టీవీకి క్యాసెట్ల వీడియో గేమ్ తగిలించి ఆడేవాళ్ళం. పాడైన స్పీకర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి అన్నయ్య దగ్గర ఉండేది. తెర దగ్గర పెడితే రంగులు చెదిరి ఊదా మరక పడేది. నేను గెలుస్తుంటే చాలు, ఆ మరకను నా బొమ్మ మీదికి నడిపించేవాడు.

పెద్దయ్యాక అన్నయ్య బాపట్లలో స్థిరపడ్డాడు. నిరుడు ఒక ఉదయం గుండెపోటుతో పోయాడు. వదిన అప్పుడు కూరగాయలకని బజారుకెళ్ళింది. ఆఖరి మాటంటూ లేదు.

ఆ తర్వాతే, ఇప్పుడు నేనుంటున్న తెనాలి ఇంట్లో, కంప్యూటర్‌లో ఆ పాత ఆటలు పెట్టుకున్నాను. కొత్త తెరల మీద బొమ్మ మరీ శుభ్రంగా, ప్రాణం లేనట్టు ఉంటుంది. దాన్ని పాత టీవీలా చూపించడానికి షేడర్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది. అడ్డగీతలు ఎంత ముదురుగా ఉండాలి, అంచులు ఎంత వంగాలి, రంగు ఎంత పక్కకి కారాలి, అన్నీ మనమే సర్దుకోవచ్చు. నా ఆదివారాలన్నీ దానికే పోయేవి. ఎంత సర్దినా అది మా టీవీ కాలేదు.

మొన్న వర్షాల్లో వదిన మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా వెనక కుర్చీలో కూర్చుంది. నేను గీతల ముదురు కాస్త తగ్గించాను. తెర కింద, కుడి మూల ఊదా మరక కనిపించింది.

మానిటర్ పోయిందనుకున్నాను. ఆట మూస్తే తెర శుభ్రంగా ఉంది. తెరిస్తే మరక ఉంది. ఇది అయస్కాంతానికి లొంగే పాత గాజు తెర కాదు. షేడర్‌లో అలాంటి సెట్టింగూ లేదు. స్క్రీన్‌షాట్ తీశాను, ఫోన్‌తో ఫొటో కూడా తీశాను.

అంతలో అది కదిలింది.

"ఏంటి శ్రీనూ అది, పాకుతోంది?" అంది వదిన.

మెల్లగా వచ్చి నా బొమ్మ మీద ఆగింది. బొమ్మను ఎడమకి పరిగెత్తించాను. వెంట వచ్చింది. వదినకి అయస్కాంతం సంగతి చెప్పాను. అన్నయ్య ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదట.

ఆవిడ లేచి వచ్చి మరక మీద అరచెయ్యి ఆనించింది. "ఏమండీ, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయారేంటండీ?" అంది, పక్క గదిలో ఉన్న మనిషిని అడిగినట్టు. తర్వాత ఏడ్చింది. అన్నయ్య పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. చెయ్యి తీసేసరికి మరక లేదు.

ఫోన్ ఫొటోలో మరక ఉంది. స్క్రీన్‌షాట్‌లో లేదు, అంటే అది కంప్యూటర్ గీసిన బొమ్మలోది కాదు. మానిటర్‌ని షాపులో చూపిస్తే, "ఏ లోపమూ లేదండి" అన్నారు.

అప్పట్నుంచి వదిన ప్రతి ఆదివారం రైలెక్కి వస్తోంది. సెట్టింగులు ఆ రోజు ఉన్నట్టే ఉంచాను. నేను ఆడతాను, ఆవిడ చూస్తుంది. ఏమీ రాదు. నాలుగు లైన్లు కోడ్ రాస్తే అలాంటి మరకని నేనే తెప్పించగలను. ఆవిడ ముఖం చూడలేక ఒకసారి రాశాను కూడా. నడపడానికి మనసొప్పక తుడిచేశాను.

సాయంత్రం స్టేషన్లో దింపినప్పుడు, "నా చెయ్యి తగలబట్టే పోయిందేమో కదా శ్రీనూ?" అని అడుగుతుంది.

వచ్చే ఆదివారం కూడా రమ్మని చెప్పి రైలెక్కిస్తాను.