ఖాళీగా ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్లిపోయేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. కంటికి కనిపించని తరంగాలను కొలవడమే నా ఉద్యోగం. కొలతకు అందనిది లేదనే అనుకునేదాన్ని.

మాది ఖమ్మం. కోల్‌కతా న్యూ టౌన్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. రెండు మేడల మీద ఎదురెదురుగా డిష్షులు బిగించి, కేబుల్ లేకుండా డేటా పంపే మైక్రోవేవ్ లింకులకు లైసెన్సు పనులు చూస్తాను. ఒకరి ఫ్రీక్వెన్సీ ఇంకొకరికి అడ్డు రాకూడదు. అందుకే దరఖాస్తు పంపేముందు ఆ చోటికి వెళ్లి, అడిగిన ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో కొలిచి సంతకం పెట్టాలి.

పోయిన వేసవిలో రేవు పేట ఖిదిర్‌పూర్‌లోని ఒక మేడ నుంచి పక్కపేట మెటియాబ్రుజ్‌లోని ఒక ఆసుపత్రికి లింకు కావాలన్నారు. ఆసుపత్రిలో తీసిన స్కానింగ్‌లు ఖిదిర్‌పూర్‌లోని డాక్టర్లు వెంటనే చూడాలి. రేవు చుట్టూ అప్పటికే లింకులు కిక్కిరిసి ఉన్నాయి. రికార్డుల్లో ఒక్క ఫ్రీక్వెన్సీయే మిగిలింది. ఇదే మేడ నుంచి మెటియాబ్రుజ్‌కు దాన్ని వాడిన పాత లింకును ఎప్పుడో తీసేసి లైసెన్సు వదులుకున్నారు.

నాతో అప్పన్నగారు వచ్చారు. డిష్షులు బిగించే మనిషి. ఖిదిర్‌పూర్‌లోనే పుట్టిన తెలుగాయన, అరవైకి దగ్గర పడ్డారు. ఎందుకో మొదటి రెండు రోజులూ మేడ ఎక్కకుండా కిందే ఉండిపోయారు.

మొదటి రోజు మధ్యాహ్నం మూడు దాటాక, సిగ్నల్ కొలిచే యంత్రం తెర మీద సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరే ఒక గీత లేచింది. పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. పావుగంటకు టక్కున పోయింది.

రెండో రోజు వేరే యంత్రం తెప్పించాను. అదే వేళకు అందులోనూ వచ్చింది. యాంటెన్నా తిప్పి చూస్తే, మెటియాబ్రుజ్‌లో పాత లింకు రెండో కొస ఒకప్పుడు ఉన్న వైపు నుంచి వస్తోంది. ఆటో పట్టుకుని వెళ్లాను. ఆ మేడ కూల్చేశారు. రేకుల షెడ్డులో దర్జీలు కుట్టుకుంటున్నారు. డిష్షు కాదు కదా, దాన్ని బిగించడానికి గోడ కూడా లేదు.

ఇంటికొచ్చి రిపోర్టు తెరిచాను. ఖాళీ అని రాస్తే అబద్ధం. కాదని రాస్తే ఎవరు వాడుతున్నారని అడుగుతారు. ఆసుపత్రి పని ఆగిపోతుంది.

మూడో రోజు అదే వేళకు అప్పన్నగారిని బతిమాలి పైకి తీసుకెళ్లి తెర చూపించాను. ఆయన తెరకు దగ్గరగా వంగి గీతను చూశారు.

"ఇది డిష్షు తిప్పుతున్న సెయ్యి, అమ్మా," అన్నారు చివరికి. "మూడుసార్లు ఇటు, ఒకసారి అటు. మా తమ్ముడు ఇలాగే తిప్పీవోడు."

పాత లింకు బిగించింది అన్నదమ్ములిద్దరేనట. తమ్ముడు అక్కడ, ఈయన ఈ మేడ మీద. అక్కడ డిష్షు తిప్పుతుంటే, సిగ్నల్ సరిగ్గా పట్టగానే ఇక్కడి నుంచి ఫోన్లో చెప్పాలి.

"సరిపోయిందని సెబుదామంటే ఎన్నిసార్లు కొట్టినా ఫోను కలవలేదు. ఆడు మూడు గంటల ఎండలో తిప్పుతూనే ఉన్నాడు. కళ్లు తిరిగి మేడ మీంచి పడిపోనాడు, మరి లేవలేదు."

 యంత్రంలో ఏదో లోపమేమో అన్నాను. నా మాట నాకే నమ్మకంగా లేదు.

గీత పైకి లేచి అక్కడే నిలబడింది. అప్పన్నగారు పిట్టగోడ దాకా వెళ్లి, మెటియాబ్రుజ్ వైపు తిరిగి గట్టిగా అరిచారు.

"సాల్రా! సరిగ్గా పట్టింది. ఇంక దిగిపో!"

ఈసారి గీత టక్కున పోలేదు. నెమ్మదిగా తగ్గుతూ అడుగున కలిసిపోయింది. ఆయన కండువాతో మొహం తుడుచుకుని వైర్లు చుట్టడం మొదలుపెట్టారు.

తర్వాత వారం పాటు రోజూ అదే వేళకు వెళ్లి కొలిచాను. ఏమీ రాలేదు. ఖాళీ అని రాసి సంతకం పెట్టాను. ముందటి మూడు రోజుల కొలతలు మాత్రం రిపోర్టులో చేర్చలేదు.

లింకు ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఏ ఓడ మీది పరికరమో, లైసెన్సు లేకుండా ఎవరైనా నడుపుతున్నదో అయి ఉండొచ్చని నాకు నేను చెప్పుకుంటాను. కానీ ఒక మనిషి కేకకు అది ఎలా ఆగింది?  నేను పెట్టిన సంతకం నిజమో అబద్ధమో కూడా ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.