వేరుశనగ రాని ఏట పది పుస్తకాలు

వట్టి చేతులతో వచ్చినవాణ్ణి కూడా తోసివేయని దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ నాలుగు మాటలు కూడా నావి కావు.

నవలలు రాస్తే ఎంతొస్తుందని ఇప్పటికీ అడుగుతుంటారు. మూడేళ్ళు కూర్చుని రాసిన నా మొదటి నవలకు పైసా రాలేదు. అచ్చు వేసినాయన డబ్బుకు బదులు వంద కాపీలు కట్టి బస్సులో వేసి పంపాడు. కుందుర్పి దగ్గర మా ఊళ్ళో ఆ కట్టలు విప్పుతుంటే నాయన వచ్చి, "దుడ్లు యాడప్పా?" అన్నాడు. డబ్బుల్లేవన్నాను. మూడేళ్ళు కూలికి పోయినా నయమే కదా అని గొణుక్కుంటూ చేనికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోయింది. మా సంఘంలో కోతపండుగకు ప్రతి ఇల్లూ పంటలో పదోవంతు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడుతుంది. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఇవ్వడానికి గింజ లేదని నాయన ఆ ఆదివారం మంచం దిగలేదు. అమ్మ బతిమాలినా వినలేదు. నాకేమీ తోచక, వందలో పదోవంతు కదా అని పది పుస్తకాలు సంచిలో వేసుకుని బయలుదేరాను. నాయన పిలిచి సంచిలోకి చూశాడు. తర్వాత లేచి ఉతికిన పంచె కట్టుకుని, ఆ సంచి తానే భుజాన వేసుకున్నాడు.

వేలం వేసే పెద్దాయనకు నవ్వొచ్చింది. "ఏమప్పా, వీటిని ఉడకబెట్టుకోవాల్నా, వేయించుకోవాల్నా?"

"ఈ యేడు మా ఇంట్లో పండింది ఇదే అన్నా. పాట మొదలుపెట్టు" అన్నాడు నాయన.

అందరూ నవ్వారు, నాయన కూడా. గుమ్మడికాయ నూటయాభై పలికింది. నా పదీ కలిపి నూటఇరవై. పాడుకున్న అవ్వకు చదువు రాదు. మనవరాలు చదువుతాదిలే అంది.

ఆ తర్వాత ఇంకా ఐదు నవలలు రాశాను. రెండింటికి డబ్బు ముట్టింది, అదీ ఒక నెల ఇంటి ఖర్చుకు చాలనంత. నాయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. కోతపండుగకు ఇప్పటికీ ఆ సంచిలోనే పుస్తకాలు తీసుకెళ్తాను.

ఈ ఏడూ మా వైపు వాన లేదు. ఒక్క నిమిషం మీరూ నాతో తల వంచండి. ప్రభువా, ఇవ్వడానికేమీ లేదని సిగ్గుపడి ఎవరూ ఇంట్లో ఉండిపోకుండా, వాళ్ళ చేతికి ఏదో ఒకటి అందించు. ఆమేన్.