పుట్టిండు, పుట్టిండ్రు

మా మేనకోడలికి కొడుకు పుట్టింది ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని ఒక చిన్న ఆసుపత్రిలో. నర్సు చెప్పిన టైమును నా చేతిగడియారంతో సరిచూసి రాసుకున్నాను. అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి హైదరాబాద్‌లో ఇంకో మగపిల్లవాడు పుట్టాడు. రుద్రూర్ దాటాక మా అక్క వాళ్ల ఊళ్లో ఒక పాత సంస్థానం గడి, కోటలాంటి పెద్ద భవంతి, ఉంది. ఆ పిల్లవాడు ఆ గడి రాజుల వంశంలో పన్నెండో తరం. రాజ్యం పోయి డెబ్బై ఏళ్లు దాటింది. గడిలో ఇప్పుడు పావురాలుంటాయి. దాని బాగోగులు చూసే ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఊరంతా ఆయన్ని కార్‌బారి అంటారు.

ఆ సాయంత్రం ఆయన నాకు ఫోన్ చేశాడు. "సారూ, చిన్న రాజావారు పుట్టిండ్రు!"

పక్కనే మా అక్క ఇంకో ఫోన్‌లో "మనుమడు పుట్టిండు" అని చుట్టాలకు చెబుతోంది. రెండు మాటలకూ తేడా ఒక్క రవత్తు. ఇంకా కళ్లు తెరవనివాడికి బహువచనమా అని అప్పుడు నవ్వుకున్నాను. నవ్వి ఊరుకోవాల్సింది కాదు.

పంచాంగం లెక్క నాకెవరూ నేర్పలేదు. పాత పంచాంగాలు ముందేసుకుని, తప్పులు దిద్దుకుంటూ ఇరవై ఏళ్లలో పట్టుకున్నాను. పిల్లలు పుడితే పేరుకు ఏ అక్షరం వస్తుందని జనం నన్నే అడుగుతారు. నక్షత్రంలో ఒక పాదం సుమారు ఆరు గంటలుంటుంది. వీళ్లిద్దరికీ నాలుగున్నర గంటల తేడా. ఇద్దరూ ఒకే పాదంలో పడ్డారు. మూడుసార్లు చూశాను, అక్షరం ఒకటే. అక్కడితో ఆగక, ఆ అక్షరంతో నాలుగు పేర్లు రాసి, అవే నాలుగూ రెండిళ్లకూ ఇచ్చాను. అది నా పొరపాటు. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. గడి వాళ్లకు తెల్లకాగితం మీద, నాలుగు మూలలా పసుపు పెట్టి రాశాను. అక్కకు చిరిగిన క్యాలెండర్ కాగితం వెనక రాశాను. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు.

ఇరవై ఒకటో రోజు అక్క ఇంట్లో తొట్టెల వేశారు. మేనత్త పిల్లవాడి చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. వారం తర్వాత గడి వాళ్లూ అదే పేరు పెట్టుకున్నారని తెలిసింది. మర్నాడే కార్‌బారి అక్క ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"పేరు మార్చుకోండ్రి పటేలా," అన్నాడు మా బావతో, కుర్చీలో కూర్చోకముందే. "చిన్న రాజావారికి గదే పేరు పెట్టిండ్రు."

"మేం ముందుగాల పెట్టుకున్నం గదా," అంది అక్క.

"ముందు వెనక కాదమ్మా. రేపు పోరడు అల్లరి జేస్తడు. నువ్వు గల్లీల నిలవడి పేరు పెట్టి తిడ్తవు. గా తిట్టు ఎవలకు తాకుతది?"

"హైదరాబాద్ దాక ఇనవడ్తదా నా గొంతు? గంత గొంతుంటే నీ తోని గిట్ల మాట్లాడుదునా?"

ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "లెక్కల సారూ, జర మీరన్న సెప్పుండ్రి."

"మావోడు నాలుగున్నర గంటలు పెద్దోడు," అన్నాను. "మార్చుడే అయితే చిన్నోడు మార్చుకోవాలె."

"గంటలు జూస్తరా సారూ? వంశం జూడాలె. పన్నెండు తరాలు!"

నాకు ఒళ్లు మండింది. పన్నెండు తరాలు వెనక్కి పోతే ఏ మనిషికైనా ఆ వరుసలో తల్లులూ తండ్రులూ కలిపి నాలుగు వేల తొంభై ఆరు. హైదరాబాద్ పిల్లవాడికి ఎంతమందో, ఈ తొట్టెల్లో వాడికీ అంతేమంది. తేడా ఒక్కటే. వాళ్లవి రాసిపెట్టారు, మావి ఎవరూ రాయలేదు. ఆ మాటే గట్టిగా అన్నాను. కార్‌బారి నన్ను జాలిగా చూశాడు.

నన్ను నిజంగా మండించింది ఆయన కాదు, మా బావ. ఆయనకు ఆ గడితో ఇచ్చిపుచ్చుకునేది ఏమీ లేదు. చెరుకూ పసుపూ తన సొంత భూమిలోనే వేస్తాడు. అయినా లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "పోనీ తియ్, ఇంకో మూడు పేర్లున్నయి గద. పెద్దోళ్లతోని మనకెందుకు?" అన్నాడు.

ఆసుపత్రి వాళ్లు పుట్టుక నమోదు చేయించారు గానీ, పేరు దగ్గర ఇంకా ఖాళీగానే ఉంది. పేరు చేర్చే ఫారం అల్మారాలో ఉందని అందరికీ తెలుసు. బావ చూపు అటే పోయింది.

బాలింత, మా మేనకోడలు, తలకు గుడ్డ కట్టుకుని లోపలినుంచి వచ్చింది. అల్మారా తీసి, ఫారం నేల మీద పరిచి, కార్‌బారి ముందే ఒక్కో అక్షరం పెద్దగా రాసింది. ఆ పేరే. "మామా, రేపు నువ్వే తీస్కపోయి ఇయ్యి. బాపుకు ఇయ్యకు," అంది.

మర్నాడు నిజామాబాద్ మున్సిపల్ ఆఫీసులో ఇచ్చాను. క్లర్కు టైపు చేస్తుంటే స్క్రీన్ మీద అక్షరం తర్వాత అక్షరం సరిచూశాను.

పిల్లవాడికి ఇప్పుడు రెండేళ్లు. అందరం ఆ పేరుతోనే పిలుస్తాం. బావ మాత్రం గడి ముందు నుంచి నడిచేటప్పుడు వాణ్ని "చిన్నోడా" అంటాడు, అదీ గొంతు తగ్గించి. గడి తలుపులకు తాళం వేసి ఉంటుంది.