నాయన యువరాజుగా కూర్చున్న కారు

నిన్న టీవీలో ఈద్ విందు చూపించారు. నల్లకారు ఆగగానే, భుజాన బంగారు జరీతాడు వేలాడే సైనికాధికారి ఒకడు తలుపు తీసి, సెల్యూట్ చేసి, యువరాజుకు అడుగు వెనక నడిచాడు. "బాగా తీసినాడు తలుపు. తొందరపడలా," అన్నాడు నాయన, చాయ్ గ్లాసు పట్టుకుని. నేను లేచి గదిలోకి వచ్చేశాను. ఎదురు చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు. నాకు నోరుండేది డైరీలోనే.

సౌదీలోనే, ఈ ఖోబర్‌కు రాకముందు మేం అభా ఊళ్లో ఉండేవాళ్లం. నాయన ఒక కల్నల్ దగ్గర డ్రైవరు. వేసవికి కొండమీది మహల్‌కు వచ్చే యువరాజు వెంట నడిచే కొలువు ఆ కల్నల్‌కు కొత్తగా దొరికింది. కారు తలుపు ఎప్పుడు తీయాలో, చెయ్యి ఎప్పుడు నుదుటికి చేరాలో, అతిథి పేరు యువరాజు చెవిలో ఎంత మెల్లగా చెప్పాలో, అన్నీ భయమే ఆయనకు. అందుకని సాయంత్రాలు తన ఇంటిముందు సాధన చేసేవాడు. సాధనకు యువరాజు కావాలి కదా, నాయనను వెనక సీట్లో కూర్చోబెట్టేవాడు. నాయన చొక్కాకు పట్టిన కారులోని ఊద్ అత్తరు వాసనతో ఇంటికొస్తే అమ్మ నాతో, "లెయ్‌మే, యువరాజుగారు వచ్చినారు, సంగటి పెడదాం" అనేది. "నవ్వాకు. నేను కాలు కింద పెట్టకముందే ఆయప్ప సెల్యూట్ కొడతాండాడు. మళ్లా మొదట్నించి," అనేవాడు నాయన.

ఇంతలో కడపలో జేజి, నాయనను కన్నతల్లి, ఆసుపత్రిలో పడింది. నాయన పోయి రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కావాలి, దానికి కల్నల్ ఒప్పుకోవాలి. ఎప్పుడడిగినా "బాదేన్" అనేవాడు. తర్వాత, యువరాజు రాబోయే విందు అయ్యాక అని. ఆ మాట అన్న నోటితోనే ఊపిరి బిగబట్టి, నాయనకు తలుపు తీసి సెల్యూట్ చేసేవాడు. తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

ఒక సాయంత్రం నాయన వెనక సీట్లో ఉండగా జేబులో ఫోను మోగింది. తీయబోతే కల్నల్ వద్దని వేలు ఊపాడట. విందుకు దిగే యువరాజు ఫోను ఎత్తడు. మళ్లీ మోగింది. నాయన కాలు కిందపెట్టి సెల్యూట్ అందుకున్నాడు. అవతల చిన్నాయన ఫోను పట్టుకుంటే, జేజి కొడుకుతో మాట్లాడాలని ఎదురుచూస్తోంది. నాయన తిరిగి చేసేసరికి ఆమెకు మాట పడిపోయింది. తెల్లారేసరికి ఆమే లేదు.

విందు ఏ లోపమూ లేకుండా జరిగిందట. కల్నల్ ఖర్జూరాల పెట్టె పంపాడు. అమ్మ దాన్ని విప్పకుండానే చెత్తడబ్బాలో వేసింది. జేజి సమాధి మీద మట్టి ఆరిపోయాక నాయనకు సెలవు దొరికింది.

ఇది రాస్తుండగా ముందుగదిలో నాయన ఫోను మోగింది. మొదటి గంట పూర్తికాకముందే ఎత్తాడు. ఎవరు చేసినా అంతే, రాంగ్ నంబరైనా సరే. ఆ సాయంత్రపు ఆలస్యం ఆయనది కాదు. అయినా ఇన్నేళ్లుగా తొందరపడుతున్నది ఆయనే.