కాలవలు కట్టగానే కాగిపోయే లారీ

1954 వేసవి. అమలాపురంలో కాలవగట్టు రోడ్డు మీద మాకొక ఆయిలు దుకాణం ఉండేది. కిరసనాయిలు, రైసుమిల్లు ఇంజన్లకు క్రూడాయిలు, లారీలకు డీజిలు, మొబిలాయిలు, గ్రీజు అమ్మేవాళ్ళం. మా వారు 1949లో పోయాక దుకాణం నా చేతికి వచ్చింది. 1981లో మూసేదాకా నేనే నడిపాను. అప్పట్లో మా ఊళ్ళో డీజిలంటే పీపా మీద చేతిపంపు బిగించి, గాలను డబ్బాతో కొలిచి, గరాటులో గుడ్డ వేసి వడకట్టి పోయడమే. ఏ బండి ఎన్ని మైళ్ళకు ఎంత తాగుతుందో, ఎవరి ఇంజను ఆయిలు తినేస్తోందో మా గుమ్మం దగ్గరే తెలిసిపోయేది.

అందుకని పాత బండి కొనాలనుకున్నవాళ్ళు ముందు నన్ను అడిగేవారు. నేను వాళ్ళకు మైలు ఖర్చు కట్టి చూపించేదాన్ని. డీజిలు, టైర్లు, డ్రైవరు జీతం, పన్ను, రిపేర్లు, ఏటా బండి ధర తరిగేది, అన్నీ కూడి తిరిగిన మైళ్ళతో భాగిస్తే మైలుకు ఇన్ని అణాలని వస్తుంది. అద్దె బండికి అంతకన్నా ఎక్కువ అవుతుంటే సొంత బండి ఉంచుకోవచ్చు, లేకపోతే అమ్మేయాలి. ఇంతకన్నా పెద్ద శాస్త్రమేమీ లేదు దీంట్లో.

మామిడికుదురు అవతల నగరం అనే ఊళ్ళో కొబ్బరి వ్యాపారం చేసే సత్తిరాజు గారు 1952లో ఒక చిన్న లారీ కొన్నారు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన ముప్పావు టన్ను బండి అది. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక పైకప్పు లేని తొట్టి. ఇలాంటిదాన్నే ఇప్పుడు పికప్ అంటున్నారు. అందులో ఉన్న పెట్రోలు ఇంజను తీసేసి, మరో బండిలోంచి విప్పిన నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను ఎవరో బిగించారు. అంటే బండీ పాతదే, ఇంజనూ పాతదే. ఆ రెండూ ఒకే ఊళ్ళో పుట్టినవి కూడా కావు. ధర నాలుగు వేల రెండు వందలు.

పడవలుండగా లారీ ఎందుకంటే, పడవ చవకే గాని మరమ్మతుల కోసం ఏటా వేసవిలో నీళ్ళు వదలకుండా కాలవలు కట్టేసేవారు. నీళ్ళు లేకపోతే పడవ ఉండదు. కొబ్బరి చిప్పలు ఎండబెట్టి బస్తాలకెత్తేది సరిగ్గా ఆ ఎండల్లోనే. ఆ సరుకు నగరం నుంచి, గోదావరి పాయ మీద కాలవనూ బండ్లనూ దాటించే గన్నవరం అక్విడక్టు మీదుగా అంబాజీపేట మార్కెట్టుకు చేర్చడానికి ఈ బండి. సరుకు దించాక మా దుకాణం దాకా వచ్చి డీజిలు పోయించుకుని వెళ్ళేది.

మొదటి ఏడాది లెక్క కడితే మైలుకు ఆరణాలు తేలింది. అద్దె లారీకి తొమ్మిదణాలు. సత్తిరాజు గారు సంతోషించి మా ఇంటికి గెల కొబ్బరికాయలు పంపించారు. రెండో వేసవిలో రేడియేటరు కారింది. ఇంజను వేడిని చల్లార్చే నీళ్ళు తిరిగే జల్లెడ లాంటి పెట్టె అది. ముందు భాగంలో ఉంటుంది. మా వీధి చివర షెడ్డున్న కాసిం మేస్త్రీ విప్పి చూసి, "ఉప్పునీళ్ళు పోసేరు. రాగి గొట్టాలు ఉప్పు తినేసింది" అన్నాడు. సముద్రం దగ్గరి ఊళ్ళు కదా, నూతుల్లో ఉప్పే. కాలవలు కడితే మంచినీళ్ళు ఉండవు. నూట ఎనభై రూపాయలకు కొత్త లోపలి భాగం వేసి, డ్రైవరు అప్పన్నను గట్టిగా హెచ్చరించాడు.

మూడో వేసవి 1954ది. ఏప్రిల్లో కాలవలు కట్టారు. ఆ నెల తిరక్కుండానే బండి మళ్ళీ కాగిపోవడం మొదలుపెట్టింది. దారిలో ఆగి ఆవిరి కక్కేది. రెండుసార్లు హెడ్ గాస్కెట్ పోయింది. ఇంజను పైభాగాన్నీ కిందిభాగాన్నీ కలిపేచోట వేసే పలచని బిళ్ళ అది. వేడెక్కితే ముందు పోయేది అదే. మైలు ఖర్చు పదకొండు అణాలకు ఎక్కింది. జూన్ నుంచి మార్చి దాకా ఒక్క రోజు ఆగని బండి, కాలవలు కట్టగానే ఎందుకిలా అవుతుందో నాకు అంతుబట్టలేదు.

మే మొదటివారంలో సత్తిరాజు గారు దుకాణానికి వచ్చారు. అప్పన్న బయట బండి దగ్గరే నిలబడ్డాడు.

"అక్కగారూ, బండి అమ్మేస్తానండి. దానికంటే ముందు వీణ్ణి పంపించేస్తాను."

"అప్పన్న ఏం చేశాడండీ?"

"తాగుతున్నాడండి. ముందు కూర్చుంటే గుప్పుమని కల్లు వాసన. సీటు వెనక డబ్బా ఒకటి పెట్టేడు, అదీ అదే కంపు. మొన్న అక్విడక్టు దగ్గర కానిస్టేబులు కూడా వాసన పట్టేడు. ఏదో నా మొహం చూసి ఈసారికి వదిలేడు. తాగినోడు రేడియేటర్లో ఉప్పునీళ్ళు పోస్తాడో, బురదనీళ్ళు పోస్తాడో, వాడికేం తెలుస్తుందండీ?"

అప్పుడు మద్యనిషేధం ఉంది. కల్లుతో దొరికితే కేసు. కేసయితే అప్పన్న లైసెన్సు పోతుంది, ఆ తరువాత మరెవరూ పనిలో పెట్టుకోరు. మామిడికుదురులో అతనికి భార్య, ముగ్గురు పిల్లలు. యుద్ధంలో మిలిటరీ లారీ తోలి వచ్చిన మనిషి. డ్రైవరు పని తప్ప మరో పని చేతకాదు. నేను అతన్ని లోపలికి పిలిచాను.

"ఆ డబ్బాలో ఏముంటుంది అప్పన్నా?"

"కొబ్బరినీళ్ళండి."

సత్తిరాజు గారు పకపకా నవ్వారు. "విన్నారా అక్కగారూ? కల్లుకుండతో దొరికినోడు ఇంకేమంటాడండీ? ఈ జిల్లాలో ఏ దొంగనడిగినా కొబ్బరినీళ్ళే!"

అప్పన్న మొహం మాడిపోయింది. "నేను తాగలేదండి" అని ఒక్క మాటని బయటికి వెళ్ళిపోయాడు.

ఇక్కడ నాకు రెండు సంగతులు పొసగలేదు. తాగి తోలేవాడి బండికి ముందు మడ్‌గార్డు సొట్టలు పడుతుంది, కింద స్ప్రింగు బ్లేళ్ళు విరుగుతాయి, టైర్లు ఒకపక్కనే అరుగుతాయి. ఈ బండి టైర్లు నాలుగూ సమంగా అరిగాయి. గాలనుకు పదిహేడు మైళ్ళు ఇవ్వడం కూడా ఎన్నడూ తగ్గలేదు. రెండోది ఆ డబ్బా. నా దగ్గర కొన్న రెండు గాలన్ల డబ్బాయే అది. దానినిండా కల్లు తాగి అక్విడక్టు మీద బండి తిన్నగా తోలగలిగినవాడు మనిషి కాదు.

"రాజు గారూ, పంపించేముందు ఒక్క ట్రిప్పు నన్ను ఆ బండిలో వెళ్ళి రానివ్వండి" అన్నాను.

"మీరా? ఈ ఎండలోనా? మీకెందుకండీ శ్రమ?"

"ఈ బండి కొనమన్న లెక్క నాదే కదండీ. ఎక్కడ తప్పిందో చూడొద్దూ?"

బుధవారం పొద్దున్నే బయల్దేరాం. అప్పన్న బండి చక్కగా తోలాడు. గోతి వస్తే ముందే వేగం తగ్గించేవాడు. గన్నవరం దాటాక వేడి చూపే ముల్లు మెల్లగా కదిలింది. మామిడికుదురు దాటాక ఎర్రగీత దగ్గరికి చేరింది. నగరంలో సత్తిరాజు గారి కొబ్బరి కళ్ళంలోకి వచ్చేసరికి మూత దగ్గర ఆవిరి. ఆ ఆవిరిలో పాకం మాడిన వాసన వచ్చింది. కల్లు వాసన కాదు, ఉప్పు వాసన అంతకన్నా కాదు. బెల్లం వండే పొయ్యి దగ్గర వచ్చే వాసన.

కళ్ళంలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలు కొడుతున్నారు. కత్తి దెబ్బకు చిప్పలు రెండూ ఎండలోకి, నీళ్ళు కిందున్న తొట్టిలోకి. తొట్టి నిండితే చెట్ల మొదళ్ళలో పారబోస్తారు. వాళ్ళలో పెద్దది మంగమ్మ. బండి ఆగడమే తడవు ఆ తొట్టిలోంచి డబ్బా ముంచి పట్టుకొచ్చింది.

"ఇదుగో తమ్ముడూ. నీ ఏనుక్కి దాహం వేస్తందేమో పట్టు. మావోళ్ళందరూ ఎంత తాగుతారో అదొక్కటీ అంత తాగేస్తంది!"

అప్పన్న బానెట్టు ఎత్తాడు. ఇంజను చల్లబడేదాకా ఆగాడు. మూతకు గోనెగుడ్డ చుట్టి, ఆవిరి కొట్టకుండా కొంచెం కొంచెంగా తిప్పాడు. తరువాత గరాటు పెట్టి, దాని మీద ఉతికిన గుడ్డ వేసి, డబ్బాలో నీళ్ళు రేడియేటర్లోకి వడకట్టి పోశాడు.

నేను దగ్గరికి వెళ్ళి డబ్బాలోకి తొంగిచూశాను.

"అప్పన్నా, అవి కొబ్బరినీళ్ళు కావూ?"

"ఆయ్."

"రేడియేటర్లో పోస్తున్నావా?"

"ఉప్పునీళ్ళు పొయ్యొద్దని మేస్త్రీ గారు నిరుడు ఒట్టేయించుకున్నేరు కదండీ. కాలవ కట్టేసేరు. నూతుల్లో చూస్తే ఉప్పు. ఇయ్యయితే తియ్యటి నీళ్ళండి. చెట్టే వడకట్టి ఇచ్చినయ్యి. నేను మళ్ళీ ఇంకోసారి వడకడుతున్నానండి."

"ఈ సంగతి మీ అయ్యగారికి చెప్పొద్దా?"

"డబ్బాలో ఏముందని అడిగేరండి, చెప్పేను. తాగేవా అన్నేరు, లేదన్నాను. దేంట్లో పోస్తున్నావని ఎవరూ అడగలేదు కదండీ."

మంగమ్మ చేత ఒక దాకలో కొబ్బరినీళ్ళు పోయించి, కొబ్బరి పీచు డొక్కల పొయ్యి మీద పెట్టించాను. మరిగిన కొద్దీ ఇంకా పోయమన్నాను. బండిలో జరిగేదీ ఇదే. ఆవిరై పోయేది నీరు, మిగిలేది అందులోని తీపి. మధ్యాహ్నం భోజనాల వేళకు దాక అడుగున జిగురుగా గోధుమరంగు పాకం పట్టింది, గరిటెతో గీకినా రాలేదు. పెన్సిలు లావు కూడా లేని రేడియేటరు గొట్టాల్లో ఇది పేరుకుంటే నీళ్ళెక్కడ తిరుగుతాయి? కాసిం మేస్త్రీ విప్పినప్పుడల్లా కనపడిన గోధుమరంగును అతను తుప్పనే అనుకున్నాడు. ఇక్కడ ఎవరనుకోరు?

ఆ డబ్బాను సగం నింపి సీటు వెనకే ఉంచమన్నాను. సాయంత్రం సత్తిరాజు గారు కళ్ళానికి వచ్చేసరికి ముందు భాగమంతా కల్లు పాకలా ఉంది. డబ్బాను ఏ రోజూ కడగరు. నిన్నటి అడుగు ఇవాళ్టి నీళ్ళను పులియబెడుతుంది, పాలలో తోడు వేసినట్టే.

"చూసేరా అక్కగారూ, మీరు పక్కన ఉండగానే తాగేడు!" అన్నారాయన.

"పొద్దున ఈ నీళ్ళు మంగమ్మ ముంచింది, నేను చూశాను. ఆ తరువాత ఎవరూ ముట్టుకోలేదు. మీరే రుచి చూడండి."

ఆయన నమ్మకం లేకుండా చేతిలో పోసుకుని ఓ గుక్క మింగారు. వెంటనే ఉమ్మేశారు, మళ్ళీ ఆలోచనగా ఇంకో గుక్క చప్పరించారు. దాకనూ చూపించాను. దాన్ని గోటితో గీకి చూశారు.

"అయితే అక్కగారూ, ఇన్నాళ్ళూ నా సరుకుతో నా బండికే పాకం పట్టించేనన్నమాట!"

"ఆయ్" అన్నాడు అప్పన్న వెనక నుంచి. "అయ్యగారూ, ఇంటికెళ్ళేముందు నోరు పుక్కిలించుకోండి. ఆ కానిస్టేబులు ఇవాళ ఇటే తిరుగుతున్నేడు" అన్నాడు.

ఆడవాళ్ళందరూ కత్తులు పక్కన పెట్టి మరీ నవ్వారు. సత్తిరాజు గారూ నవ్వి, "సరే, రేపు పొద్దున్నే బండి తీసుకుని మేస్త్రీ దగ్గరకెళ్ళు" అన్నారు.

అప్పన్న కదల్లేదు. "బండి సంగతి తేలిందండి. నా సంగతి ఇంకా తేలలేదు. నేను తాగుబోతునని మొన్న ఈ కళ్ళంలోనే అందరి ముందూ అన్నేరండి. మా ఇంటిది ఆ మాట నూతి దగ్గర విన్నాది."

నవ్వులు ఆగిపోయాయి. సత్తిరాజు గారు ఆ ఊళ్ళో పెద్ద మనిషి, ఎదురు మాట వినే అలవాటు లేదు. ఆయన మొహం ఎర్రబడింది. అప్పన్న ఆ రాత్రికే పని మానేస్తాడనుకున్నాను. కాని ఆయన మంగమ్మ వైపు తిరిగి, కళ్ళమంతా వినపడేలా, "అప్పన్న తాగలేదు. తప్పుగా అన్నది నేను. మీరందరూ ఇంటికెళ్ళి ఇదే మాట చెప్పండి" అన్నారు. అప్పన్న తల ఊపి, బానెట్టు మూసి, బస్తాలెత్తించడానికి వెళ్ళాడు.

కాసిం మేస్త్రీ చాకలిసోడా కలిపిన వేడినీళ్ళతో రేడియేటరు మూడుసార్లు కడిగాడు. వేసవిలో బండి వెనక ఒక చిన్న పీపాతో అంబాజీపేట నూతి నీళ్ళు తీసుకెళ్ళడం ఏర్పాటు చేశాం. దానివల్ల ట్రిప్పుకు ఒక బస్తా తగ్గింది. ఆ నష్టం కూడా కలిపి లెక్క కడితే మైలుకు ఏడణాలు. 1961లో పదకొండు వందలకు అమ్మేదాకా ఆ ఇంజను మళ్ళీ విప్పలేదు. బండితోపాటు అప్పన్న కూడా చివరిదాకా ఉన్నాడు.

నేను కట్టే మైలు ఖర్చులో డబ్బు పెట్టి కొన్న ప్రతి వస్తువూ ఉండేది. కొబ్బరినీళ్ళకు ఎవరూ డబ్బు పుచ్చుకోలేదు. అందుకే బండిని పాడుచేసిన ఆ ఒక్కటీ ఏ లెక్కలోకీ రాలేదు. పాత బండి విషయంలో ఖరీదైన భాగాల మీద అందరికీ కన్ను ఉంటుంది. ఊరికే వచ్చేవాటిని, రోజూ చేతి అలవాటుగా జరిగేవాటిని ఎవరూ చూడరు. అవి డ్రైవరుకే తెలుస్తాయి. అతన్ని అవునా కాదా అని నిలదీస్తే తెలియవు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏమేం చేస్తావో చెప్పమంటే తెలుస్తాయి.

ఆ తరువాత పాత లారీ కొనొచ్చా అని ఎవరొచ్చినా డ్రైవర్ని వెంటబెట్టుకు రమ్మనేదాన్ని. ముందు అతన్ని కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని. కొత్తపేట నుంచి వచ్చిన ఒకాయనకు కోపం వచ్చింది.

"బండి కొనేది నేనండి. వాణ్ణి అడుగుతారేమిటండీ?"

"కొనేది మీరేనండి" అన్నాను. "పోసేది అతను."